మీకు తెలుసా? నెత్తురు పడితే మొలలేనా!

ఒక క్యాన్సర్‌ను అది క్యాన్సర్ కాకముందే పట్టుకుని, పట్టుకున్న చోటే తీసిపారేయవచ్చని మీకు తెలుసా?

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆ వీలుంది. మన ఒంట్లో పెద్దపేగు పొడవు సుమారు అయిదు అడుగులు. వయసు పెరిగేకొద్దీ దాని లోపలి పొర మీద చిన్న చిన్న కండలు పెరుగుతుంటాయి. వాటిని పాలిప్‌లంటారు. చాలావరకు అవి అలాగే ఉండిపోతాయి, ఎవరికీ ఏ హానీ చేయవు. కానీ పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధిక భాగం ఏదో ఒక పాలిప్‌తోనే మొదలవుతుంది. పాలిప్ ముదిరి క్యాన్సర్ కావడానికి మామూలుగా పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లూ మనిషికి నొప్పి ఉండదు, జ్వరం రాదు, ఆకలి తగ్గదు. పొలం పనికి వెళ్తాడు, దుకాణం తెరుస్తాడు, కూతురి పెళ్లి చేస్తాడు. పాలిప్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంటుంది. బాగున్నప్పుడు పరీక్ష ఎందుకు అని అడిగేవారికి నా జవాబు ఇదే: ఈ జబ్బుకు బాగున్నప్పుడు చేసే పరీక్షే అసలు పరీక్ష.

కొరాపుట్, రాయగడ జిల్లాల్లోని తెలుగు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. జయపురం, గుణుపురం బజారు వీధుల్లో, సునాబెడ, దామన్‌జోడి క్వార్టర్లలో, జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో నలభై అయిదు దాటినవాళ్లు ఎందరో ఉన్నారు. బీపీ చూపించుకుంటారు, షుగర్ చూపించుకుంటారు. పెద్దపేగు సంగతి ఎవరూ ఎత్తరు.

ఈ జబ్బు రెండు మారుపేర్లతో తిరుగుతుంది

మొదటి పేరు మొలలు. విరేచనంలో నెత్తురు కనబడగానే మనవాళ్లు చెప్పే మాట ఒక్కటే: "వేడి చేసింది, మొలలు లేచాయి." మజ్జిగ తాగుతారు, కారం మానేస్తారు, బస్టాండు గోడ మీద బోర్డు చూసి మొలల వైద్యుడి దగ్గరికి వెళ్తారు. నాలుగు రోజులకు నెత్తురు ఆగుతుంది. మందు పనిచేసిందనుకుంటారు. అక్కడే మోసపోతాం. పేగులో గడ్డ ఉన్నా నెత్తురు రోజూ పడదు. ఒక వారం పడి, నెల రోజులు ఆగి, మళ్లీ పడుతుంది. ఆగింది కదా అని అది మొలలేనని తేల్చలేం.

మొలలు ఉండవచ్చు కూడా. నడివయసులో అవి చాలామందికి ఉంటాయి. మొలలున్న మనిషికి పాలిప్ రాదని ఎక్కడా లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. అందుకే, ముఖ్యంగా నలభై దాటినవారికి, మొదటిసారి నెత్తురు కనబడితే, మొలలు కంటికి కనబడుతున్నా సరే, లోపల ఇంకేమైనా ఉందేమో చూడమని డాక్టర్‌ను నోరు తెరిచి అడగాలి. మలద్వారంలో వేలు పెట్టి చూసే పరీక్షకు నిమిషం పట్టదు, ఖర్చూ లేదు. కిందిభాగంలో ఉన్న గడ్డలు కొన్ని ఆ వేలికే తగులుతాయి. సిగ్గుతో వద్దనేవారు ఎక్కువ. డాక్టర్ చేస్తానంటే వద్దనకండి. డాక్టర్ చేయకపోతే, "ఒకసారి చూడండి" అని మీరే అడగండి.

జిగట, బంక, నెత్తురు కలిసి పడితే మరో దారి: అమీబియాసిస్ అని మాత్రల కోర్సు, అది తగ్గకపోతే ఇంకో కోర్సు. ఒక కోర్సు వాడి చూడటం తప్పు కాదు. అదే మందు మూడోసారి రాస్తున్నారంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

రెండో పేరు రక్తహీనత. ఈ రెండు జిల్లాల్లో పెద్దపేగు క్యాన్సర్ దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎందుకంటే ఇక్కడ రక్తం తక్కువగా ఉండటానికి పది కారణాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. కొండ ఊళ్లలో సికిల్ సెల్ ఉంది. ఏళ్ల తరబడి మలేరియా పీడించిన ప్రాంతం ఇది. చెప్పులు లేకుండా తిరిగే పాదాల గుండా ఎక్కే కొంకిపురుగులున్నాయి. తిండి చాలకపోవడం ఉంది. దాంతో ఎవరికైనా మొహం పాలిపోతే ఐరన్ మాత్రలు చేతిలో పెడతారు. మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది. ఒకవేళ పేగు లోపలి నుంచి నెత్తురు కారి మలం నల్లగా వస్తున్నా, ఆ నలుపు మాత్రలదే అనుకుంటాం.

ల్యాబు చీటీ చేతికొస్తే దాన్నెలా చదవాలో చెబుతాను. ఉదాహరణకు యాభై రెండేళ్ల మగమనిషి, నడిస్తే ఆయాసం. చీటీలో హిమోగ్లోబిన్ 8.6 అని ఉంది. అందరి కళ్లూ అక్కడే ఆగిపోతాయి. కాస్త కిందికి వెళ్తే ఎంసీవీ అని ఒక వరుస ఉంటుంది. అది ఎర్ర రక్తకణం సైజు చెబుతుంది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఈ చీటీలో 68 ఉంది. కణాలు చిన్నవయ్యాయంటే ఎక్కువసార్లు ఇనుము తగ్గిందని అర్థం. తలసీమియాలో కూడా ఇలా ఉండవచ్చు కాబట్టి ఫెరిటిన్ అనే మరో పరీక్షతో తేల్చుకోవాలి. ఫెరిటిన్ కూడా తక్కువుంటే ఆ మనిషి ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటినట్టే. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: మగవాడికి, నెలసరి లేని మనిషికి, ఇనుము ఎటు పోతోంది? కొంకిపురుగులు తాగుతుండవచ్చు, కడుపులో పుండు ఉండవచ్చు, పెద్దపేగు కుడివైపున గడ్డ ఉండవచ్చు. నెలసరి ఆగిపోయిన ఆడవారికీ ఇదే ప్రశ్న. నులిపురుగుల మాత్ర వేయండి, ఐరన్ ఇవ్వండి, కానీ అక్కడితో ఫైలు మూయకండి. ఆ వయసులో ఇనుము లోపించి రక్తం తగ్గితే పేగు లోపల చూడాలన్నది ప్రపంచమంతటా డాక్టర్లు పాటించే పద్ధతి.

కుడివైపు గడ్డకూ ఎడమవైపు గడ్డకూ లక్షణాలు వేరు. కుడివైపు పేగు వెడల్పు, అందులో మలం ఇంకా పలచగా ఉంటుంది. గడ్డ పెరిగినా దారి త్వరగా మూసుకుపోదు, నెత్తురు కంటికి కనబడకుండా మలంలో కలిసిపోతుంది, మనిషి నీరసపడతాడు. ఎడమవైపు పేగు సన్నం, మలం గట్టిపడి ఉంటుంది. కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు, మలం సన్నగా రావడం, కడుపు పట్టేసినట్టుండటం. ఇక చివరన మలాశయంలో అయితే ఎర్రటి నెత్తురు, ఎన్నిసార్లు వెళ్లొచ్చినా ఇంకా మిగిలే ఉందన్న భావన.

సర్కారు జాబితాలో ఇది లేదు

ముప్పై దాటిన ప్రతివారికీ ప్రభుత్వం ఉచితంగా చేసే పరీక్షలు అయిదింటికని మీకు తెలుసా? బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆశా దీదీ ఇంటికి వచ్చి కాగితం నింపేది వీటి కోసమే. పెద్దపేగు అందులో లేదు. మన దేశంలో ఈ క్యాన్సర్ అమెరికా, ఐరోపా, జపాన్‌లంత ఎక్కువ లేదు కాబట్టి ఇప్పటికి చేర్చలేదు. ఉన్న డబ్బునూ మనుషులనూ ముందు నోటికీ రొమ్ముకీ వాడటం సబబే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిళ్లలో పుండ్లు చూసినవాళ్లెవరూ ఆ వరుసను తప్పుపట్టరు.

కాకపోతే ఆ లెక్క దేశం మొత్తానిది. నాన్నకో అక్కకో ఈ జబ్బు వచ్చిన మనిషికి ఆ లెక్క వర్తించదు. ఇరవై ఏళ్లుగా గల్లాపెట్టె వెనక కూర్చుని, పొట్ట పెరిగి, సిగరెట్ మానని యాభై ఏళ్ల వ్యాపారికీ అంతగా వర్తించదు. ఎవరూ పిలవరు కాబట్టి మనమే వెళ్లి అడగాలి. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో ఈ పరీక్షలు మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు దించింది. అక్కడి ప్రభుత్వ నిపుణుల బృందం 2021లో అదే చెప్పింది. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న మీ అబ్బాయిని అడగండి. 45 నిండితే అక్కడి డాక్టరే గుర్తు చేస్తాడు. జపాన్ 1992 నుంచి నలభై దాటినవారందరికీ ఏటా మలపరీక్ష చేయిస్తోంది. ఇంగ్లండులో 2006 నుంచి పరీక్ష డబ్బా పోస్టులో ఇంటికే వస్తోంది.

ఒక తేడా గట్టిగా చెప్పాలి. ఏ బాధా లేనివారికి చేసేది స్క్రీనింగ్. నెత్తురు పడుతున్నా, కారణం తెలియకుండా రక్తం తగ్గినా, మల విసర్జన తీరు కొన్ని వారాలుగా మారినా, బరువు తగ్గుతున్నా అది స్క్రీనింగ్ కాదు. అప్పుడు వయసుతో పని లేదు, ముప్పై అయిదైనా సరే. నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 'బ్లాక్ పాంథర్' హీరో చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో ఈ క్యాన్సర్ బయటపడింది, అప్పటికే మూడో దశ. 2020 ఆగస్టు 28న ఆయన చనిపోయేనాటికి వయసు 43.

చిటికెడు మలం చాలు

సూది లేదు, ఆసుపత్రిలో చేరనక్కర్లేదు, ఒకపూట పస్తు కూడా లేదు. ఈ పరీక్షను ఫిట్ అంటారు. మలంలో కంటికి కనబడని నెత్తురు జాడను పట్టుకోవడం దాని పని. పాతకాలం పరీక్షలో మాంసం తిన్నా తేడా వచ్చేది. ఫిట్ మనిషి రక్తంలోని గ్లోబిన్‌ను మాత్రమే గుర్తిస్తుంది. ముందురోజు కోడికూర తిన్నా, ఐరన్ మాత్రలు వేసుకున్నా దానికి అడ్డు కాదు.

చేసే పద్ధతి ఇదీ. ల్యాబు ఇచ్చే చిన్న గొట్టం మూతకు సన్నటి పుల్ల ఉంటుంది, పుల్ల కొసన గాళ్లు ఉంటాయి. మలం నీళ్లలో పడకుండా పాత కాగితమో ప్లాస్టిక్ కవరో అడ్డం వేసుకోవాలి. పుల్లతో మలం పైభాగాన్ని నాలుగైదు చోట్ల గీయాలి. గాళ్లు నిండితే చాలు, ముద్ద అక్కర్లేదు. పుల్లను తిరిగి గొట్టంలోకి దించి క్లిక్‌మనే దాకా నొక్కాలి. పేరు, తేదీ రాయాలి. నెలసరి రోజుల్లో, మొలల నుంచి నెత్తురు కారుతున్న రోజుల్లో తీయకూడదు. మన ఎండలకు మరో జాగ్రత్త ఉంది: వేడికి నమూనాలోని హిమోగ్లోబిన్ విరిగిపోతుంది, ఉన్న నెత్తురు కూడా లేనట్టు చూపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గొట్టాన్ని బండి డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరగకండి. తెల్లవారుజామున తీసి నీడలో ఉంచి ఆ పూటే ల్యాబులో ఇవ్వండి. వెంటనే కుదరకపోతే కవరులో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. ల్యాబులో మామూలు మలపరీక్ష అనకుండా ఫిట్ అని పేరు పెట్టి అడగండి. మీ ఊళ్లో లేకపోతే నమూనా విజయనగరమో విశాఖో పంపుతారేమో, దారిలో చల్లగా ఉంచుతారేమో కనుక్కోండి.

ఫిట్‌లో ఏమీ రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ చేయించాలి. ఒక్కసారి చేసినప్పుడు అది ఉన్న క్యాన్సర్లలో నాలుగింట మూడింటిని పట్టుకుంటుంది, అన్నిటినీ కాదు. పాలిప్‌లైతే చాలావాటిని వదిలేస్తుంది కూడా. ఏటా చేయడంలోనే దాని బలం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 46 వేల మందికి పైగా మనుషులతో చేసిన అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా మలపరీక్ష చేయించుకున్న బృందంలో 13 ఏళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి. అది ఫిట్ కూడా కాదు, పాత పద్ధతి పరీక్షే.

ఫిట్ పాజిటివ్ వస్తే గుండె జారిపోనక్కర్లేదు. పాజిటివ్ వచ్చినవారిలో కొద్దిమందికే క్యాన్సర్ ఉంటుంది, ఇంకొంతమందికి పాలిప్‌లుంటాయి, మిగిలినవారికి ఏమీ ఉండదు. కానీ ఇంకోసారి చేయించి నెగెటివ్ వస్తే హాయిగా ఊపిరి పీల్చుకుందామనుకోవద్దు. గడ్డ రోజూ నెత్తురు కార్చదని పైనే చెప్పుకున్నాం. పాజిటివ్ తర్వాత మెట్టు ఒక్కటే, కొలొనోస్కోపీ.

తీగ ఉచ్చు కథ

ఆపరేషన్ లేకుండా, పొట్ట కోయకుండా పెద్దపేగు లోతుల్లోని పాలిప్‌ను తీయడం 1969లో మొదలైందని తెలుసా? న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో పనిచేసిన జపాన్ డాక్టర్ హిరోమి షిన్యా, ఆయన పైఅధికారి విలియం వోల్ఫ్ ఆ పని చేశారు. అంతకుముందు అంత లోపల పాలిప్ ఉందని తెలిస్తే పొట్ట తెరవాల్సిందే.

ఇప్పుడు ఎలా ఉంటుందంటే, చిటికెన వేలంత లావున్న మెత్తటి గొట్టం, దాని కొసన దీపం, కెమెరా. మత్తులో మీరు సగం నిద్రలో ఉంటారు. తెర మీద గులాబీరంగు గోడలు, వాటి మీద అల్లుకున్న సన్నటి రక్తనాళాలు. గొట్టాన్ని పెద్దపేగు మొదటిదాకా, చిన్నపేగు కలిసే చోటిదాకా తోసుకెళ్లి, తిరిగి వెనక్కి తెస్తూ మడత మడతా విప్పి చూస్తారు. ఒక మడత చాటున తొడిమ ఉన్న చిన్న పుట్టగొడుగు లాంటిది కనబడిందనుకోండి. గొట్టంలోంచి సన్నటి తీగ ఉచ్చు బయటికి వస్తుంది, తొడిమ చుట్టూ పడి బిగుస్తుంది, ఒక్క క్షణం కరెంటు పారుతుంది. పాలిప్ తెగి పడుతుంది. పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. తెగిన ముక్కను బయటికి తీసి బయాప్సీకి పంపుతారు. మొత్తం అరగంట పని. ఏమీ లేకపోతే, ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేకపోతే, మళ్లీ పదేళ్ల దాకా ఆ గదికి వెళ్లనక్కర్లేదు.

ప్రమాదమే లేదని చెప్పను. పేగుకు చిల్లు పడటం పదివేల మందిలో కొద్దిమందికి జరుగుతుంది, పాలిప్ తీసిన చోట నెత్తురు కారవచ్చు. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడేవారు ముందే చెప్పాలి. అనుభవమున్న చేతిలో చేయించుకోవడం మంచిది.

నిజానికి చేయించుకున్నవాళ్లంతా ముందురోజే కష్టం అంటారు. పేగు కడిగినట్టు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్ కనబడదు. రెండు మూడు రోజుల ముందు నుంచి గింజలు, తొక్కలు, ఆకుకూరలు మానాలి. ముందురోజు గంజి, వడకట్టిన చారు, కొబ్బరినీళ్లు. ఎర్రటి షర్బత్‌లు వద్దు, తెరమీద అవి నెత్తురులా కనబడతాయి. తర్వాత లీటర్ల కొద్దీ నీళ్లలో కలిపిన పెగ్ అనే విరేచనాల పొడి తాగాలి. చల్లబరిచి, నిమ్మరసం పిండుకుంటే కాస్త సులువు. గంటలో విరేచనాలు మొదలై, చివరికి లేత పసుపు రంగు నీళ్లు వచ్చేదాకా సాగుతుంది.

ఇక్కడివారికి ఒక హెచ్చరిక. ఆ మందు ఇంట్లో తాగి బండెక్కకండి. పెద్ద పరీక్షలకు మనవాళ్లలో చాలామంది విశాఖ వెళ్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే, ఆ దారి అప్పటి నుంచీ అలవాటే. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలైనా, కొరాపుట్ నుంచి అరకు మీదుగా కిరండూల్ బండైనా, సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా బస్సైనా, గంటల ప్రయాణం. ముందురోజు ఉదయానికే ఊరు చేరి, తలుపు గడియ పడే మరుగుదొడ్డి దగ్గరున్న చోట దిగి, అక్కడ తాగాలి. చుట్టాల ఇంట్లో మొహమాటపడేవారికి ఆసుపత్రి పక్క లాడ్జి గదే మేలు. మత్తు దిగేదాకా తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు.

చోడి అంబలి సంగతి

ఆఫ్రికాలో ఏళ్ల తరబడి పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్‌కు ఒక విషయం వింతగా తోచింది. ఇంగ్లండులో రోజూ చూసే పెద్దపేగు క్యాన్సర్ ఉగాండా పల్లెల్లో చాలా అరుదు. అక్కడివారు తినే పొట్టుతో ఉన్న ధాన్యం, దుంపలు, పప్పులు దీనికి కారణమై ఉండాలని 1971లో ఆయన రాశారు. తర్వాతి పరిశోధనలు కొంత సరిచేసినా మూలమాట నిలిచింది. రోజుకు పది గ్రాముల పీచు ఎక్కువ తింటే ఈ క్యాన్సర్ ముప్పు పదిశాతం తగ్గుతుందని 2011లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది.

కొరాపుట్ కొండల్లో మండియా పేజ్, మన ఇళ్లలో చోడి అంబలి. పేరేదైనా గింజ ఒకటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల చోళ్లలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. అంత మంచి తిండి ఊరి పక్కనే పండుతుంటే, ఒక తరంలో మనం తెల్లన్నం, బేకరీ, వేపుళ్లలోకి వచ్చేశాం. జపాన్ నుంచి హవాయికి వలసపోయిన కుటుంబాల్లో పెద్దపేగు క్యాన్సర్ తరం తిరక్కుండానే ఎలా పెరిగిందో వైద్యులు 1960లలోనే గమనించారు. ఊరు మారకుండానే తిండి మారితే ఫలితం వేరుగా ఉంటుందని నేననుకోను.

మద్యం, పొగాకు రెండూ ఈ క్యాన్సర్‌కు దారితీసేవే. విప్పసారా అయినా, సీసా సారా అయినా పేగుకు తేడా తెలియదు. చోడి అంబలి తాగేవారికి పరీక్ష అక్కర్లేదనీ కాదు. అంబలి ముప్పును తగ్గిస్తుంది, పుట్టిన పాలిప్‌ను కరిగించదు.

పేరున్నవాళ్లు నోరు విప్పితే

1985 జులైలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ పెద్దపేగులో గడ్డ బయటపడింది. 13వ తేదీన ఆపరేషన్ చేసి తీశారు, అందులో క్యాన్సర్ ఉంది. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. ఆ తర్వాత మరో 19 ఏళ్లు బతికారు.

టీవీ యాంకర్ కేటీ కూరిక్ భర్త 1998లో ఈ జబ్బుతో 42 ఏళ్లకే పోయాడు. 2000 మార్చిలో ఆమె తన కొలొనోస్కోపీని తానే టీవీలో చూపించింది. తర్వాతి నెలల్లో అమెరికాలో ఈ పరీక్షలు చేయించుకునేవారు గణనీయంగా పెరిగారు. పరిశోధకులు ఆ పెరుగుదలకు ఆమె పేరే పెట్టారు.

మన దగ్గర 2013 అక్టోబరులో నటుడు అక్కినేని నాగేశ్వరరావు సుమారు తొంభై ఏళ్ల వయసులో విలేకరులను పిలిచి, తన పొట్టలో క్యాన్సర్ ఉందని తానే చెప్పారు. అప్పటికి 'మనం' సినిమా పని జరుగుతోంది. 2014 జనవరి 22న కన్నుమూశారు. మన ఇళ్లలో ఆ జబ్బు పేరు పలకడానికే భయపడి "పెద్ద జబ్బు" అనే రోజుల్లో, అంతటి మనిషి కెమెరాల ముందు మామూలు మాటలా చెప్పడం నాకు ఆయన ఏ పాత్రకంటే గొప్పగా కనబడింది.

అలాస్కా ఆదివాసుల్లో ఈ క్యాన్సర్ ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉంది. అక్కడి ఆదివాసీ ఆరోగ్య సంస్థ గాలి నింపే పెద్దపేగు బొమ్మ ఒకటి తయారు చేయించింది. మనిషి లోపలికి నడిచి వెళ్లేంత పెద్దది. దానికి నోలన్ అని పేరు పెట్టి ఊరూరా తిప్పారు. జనం లోపలికి వెళ్లి పాలిప్ ఎలా ఉంటుందో, క్యాన్సర్ ఎలా ఉంటుందో చేత్తో తాకి చూశారు. కుందులి సంతలో అలాంటిది ఒక్కరోజు నిలబెడితే ఎంతమంది చూస్తారో!

పిలిచినా రానివారి సంగతి కూడా వినండి. ఐరోపాలో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2022లో వెలువడింది. కొలొనోస్కోపీకి రమ్మని పిలిచినవారిలో వంద మందికి 42 మందే వచ్చారు. రానివారిని కూడా కలిపి లెక్కేస్తే పదేళ్లలో ముప్పు 18 శాతమే తగ్గింది. చదువు, డబ్బు, దగ్గరలో ఆసుపత్రి అన్నీ ఉన్న దేశాల్లోనూ వెనకాడటం ఉంది కాబట్టి, మన అమ్మానాన్నలు వద్దంటే విసుక్కోకుండా ఇంకోసారి చెప్పాలి.

డబ్బు, దారి

మొదటి మెట్టుకు విశాఖ వెళ్లనక్కర్లేదు. రక్తపరీక్ష, వేలితో చూసే పరీక్ష రాయగడ జిల్లా ఆసుపత్రిలో, కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రిలో అడగవచ్చు. బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టిన క్రిస్టియన్ హాస్పిటల్ ఉంది. క్యాన్సర్ అని తేలితే కటక్‌లోని ఆచార్య హరిహర్ సంస్థ, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. ఒడిశాలో ఆయుష్మాన్, గోపబంధు పథకాలు కలిసి 2025 ఏప్రిల్ నుంచి అమలవుతున్నాయి: కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు. అది ముఖ్యంగా చేరి చేయించుకునే వైద్యానికి. బాగున్నప్పుడు చేసే పరీక్షకు వర్తిస్తుందో లేదో కార్డు చూపించి ముందే అడగండి.

క్యాన్సర్ రోగి వైద్యం కోసం వెళ్తుంటే రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ఛార్జీ పూర్తిగా మాఫీ అని, తోడు వెళ్లేవారికి అందులో మూడొంతులు మాఫీ అని చాలామందికి తెలియదు. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత నమూనా పత్రం కౌంటర్‌లో చూపించాలి.

ఫోన్ చేయాల్సిన లెక్క

అమ్మకో నాన్నకో తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే మీరు 45 దాకా ఆగకూడదు. 40కి, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందొస్తే అప్పుడు కొలొనోస్కోపీ చేయించుకోవాలి. నాన్నకు 48లో తేలితే మీకు 38లో. ఒకే ఇంట్లో మూడు నాలుగు తరాలుగా పేగు, గర్భాశయ క్యాన్సర్లు వస్తుంటే అది వారసత్వంగా దిగే లించ్ సిండ్రోమ్ కావచ్చు. 1895లో ఒక కుట్టుపనిచేసే స్త్రీ మా ఇంట్లో అందరూ దీంతోనే పోతారని అమెరికా డాక్టర్ ఆల్‌డ్రెడ్ వార్తిన్‌కు చెప్పడంతో ఆ జబ్బు కూపీ మొదలైంది. ఆయన ఆమె మాట కొట్టిపారేయకుండా వంశవృక్షం రాసుకున్నారు. అదే ఇంటిని 1960ల తర్వాత హెన్రీ లించ్ మళ్లీ పరిశీలించారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లు దేనితో పోయారని అడిగితే "కడుపులో ఏదో గడ్డ" అంటారు. ఆ గడ్డ ఎక్కడ, ఏ వయసులో అన్నది పిన్నులకో బాబాయిలకో తెలిసి ఉంటుంది. పాత చీటీలు ట్రంకుపెట్టెలో ఉండవచ్చు. వెతికి, వయసు రాసిపెట్టుకుని, విజయనగరంలో ఉన్న అన్నయ్యకూ, పర్లాకిమిడిలో ఉన్న చెల్లికీ, అమెరికాలో ఉన్న మీ అక్కకూ ఆ అంకె చెప్పండి. మీకే పాలిప్ దొరికి తీసి ఉంటే, బయాప్సీ కాగితం ఫోటో తీసి వాళ్లకు పంపండి. వాళ్ల డాక్టర్ మొదట అడిగేది అదే.